కప్పు లేని చీకటి

బాపూ,

ఎట్లున్నవు? నువ్వు పోయి ఏడు నెలలయింది. నేను బాగనే ఉన్న. అవ్వ గూడ బాగనే ఉన్నది, నన్ను పొద్దుమాపు తిట్టేటంత బాగున్నది. ఇగ నీకేం పరేషాన్ వద్దు.

ముందుగాల అసలు ముచ్చట చెప్త. నార్వే ప్రయాణం బంద్ కాలేదు. ఎల్లుండి పొద్దుగాల బయలెల్లుతున్నం... నేను, అవ్వ. అవును, నీ పెండ్లామే! నవ్వకు.

యాదికున్నదా, ఈ పిచ్చి ఎట్ల మొదలైందో? నువ్వు బొగ్గుబాయి నుంచి రిటైరై భూపాలపల్లి ఇంట్ల ఊకెనే కూసునుడు చాతగాక అటు ఇటు తిరుగుతున్నవు. నేను జనగామల బ్యాంకు డ్యూటీ చేసుకొని ఆదివారం ఇంటికొచ్చిన. ఫోన్ల ఒక వీడియో చూపెట్టిన. ట్రోమ్సో అనే ఊరు. చలికాలం నెలన్నర పైన ఆడ పొద్దే పొడువదు. మంచు మీద కుక్కలు బండి గుంజుతయి. ఆకాశంల పచ్చటి వెలుగు, దండెం మీద ఆరేసిన చీర ఊగినట్టు ఊగుతది. నువ్వు మూడుసార్లు చూసినవు. కుక్కలను కాదు, ఆ వెలుగును గూడ కాదు.

"బాయిల చీకటికి కప్పుంటది బిడ్డా. ముప్పై రెండేండ్లు అది ఎప్పుడు కూలుతదో అని పైకి చూసుకుంటనే పని చేసిన. కప్పు లేని చీకటి ఒక్కసారి చూడాలె" అన్నవు.

నేనేదో మాటవరసకు చూపెట్టిన. నువ్వు పట్టుకున్నవు. నువ్వు పట్టుకుంటే ఇడుస్తవా!

హైదరాబాద్ టూరు వాళ్ళు పంపిన సామాన్ల లిస్టుల నెత్తికి కట్టుకునే లైటు అని ఉంటే ఎంత నవ్వినవో. "నాకే నేర్పుతున్నరా వీళ్ళు!" అని వాడకట్టంత చెప్పుకొచ్చినవు.

ఇగ ఆ కోల్డ్ స్టోరేజీ... చలికి అలవాటు పడాలె అని మహబూబాబాద్‌ల మామ పనిచేసే మిర్చి కోల్డ్ స్టోరేజీకి నన్ను గుంజుకపోయినవు. నడి ఎండకాలంల రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు! మిర్చి బస్తాల నడుమ అర్ధగంట నిలబడాలె అన్నవు. ఐదు నిమిషాలు కాకముందే ఘాటు గొంతుకు పట్టింది. ఇద్దరం దగ్గుడే దగ్గుడు. కండ్లల్ల నీళ్ళు, ముక్కుల నీళ్ళు. బయట హమాలీలు పడి పడి నవ్విండ్రు. నువ్వు మాత్రం ముక్కు తుడుసుకుంట, "చలి అంత పెద్దదేం కాదు బిడ్డా. ఆడ మిర్చి ఉండదు గద, మనకు ఫికర్ లేదు" అన్నవు.

అవ్వ మాత్రం వారం రోజులు లొల్లి చేసింది. పొద్దే పొడువని ఊరికి ఎవలన్న పైసలు పెట్టి పోతరా, బాయిల చూసిన చీకటి సాలలేదా అని. నువ్వు, నేను ఆమెను చూసి నవ్వుకున్నం. నవ్వకుండ ఉండాల్సింది బాపు.

మనింట్ల చీపురు ముచ్చట నీకెరుకే. ఎవలన్న ఇంట్లకెళ్ళి బయటికి పోతే వెంటనే ఊడ్వొద్దంటరు, ఊడిస్తే పోయినోళ్ళు తిరిగి రారని. అందరిండ్లల్ల జరసేపు ఆగుతరు. అవ్వ అట్ల కాదు. నువ్వు డ్యూటీ దిగి ఇంటికొచ్చేదాక చీపురు ముట్టకపోయేది. చుట్టాలొచ్చి ఇల్లు గలీజున్నదని మూతి తిప్పినా ముట్టలే. నువ్వు గడప కాడ చెప్పులిడిసిన చప్పుడు ఇన్నంకనే ఊడ్చేది. ముప్పై రెండేండ్లు ఆమెకు ఎంత బుగులుండెనో... మనకెందుకు తెల్వలే?

ఆ దినం ఛాతిల మంట అని నువ్వు ఆటో ఎక్కినవు. "గంటల వస్త" అన్నవు. అవ్వ చీపురు ముట్టలే. మాపటీలి దవాఖాన నుంచి నిన్ను అంబులెన్సుల తెచ్చినం.

మరునాడు నిన్ను తీస్కపోయినంక ఇల్లు ఊడ్చి కడగాలె గద. వాడకట్టు ఆడోళ్ళు చీపుర్లు పట్టుకున్నరు. అవ్వ ఒక్కొక్కల చేతిలకెళ్ళి గుంజుకున్నది. ఆయన ఇంక రాలే, ఊడ్వద్దు అని మొత్తుకున్నది. నేనే ఆమెను గట్టిగ పట్టుకున్న. వాళ్ళు ఊడ్చిండ్రు, కడిగిండ్రు. నేను పట్టుకోకపోతే బాగుండెనా? ఇప్పటికీ తెల్వది.

అప్పటిసంది నేను జనగామ బస్సెక్కినా అంతే. చేరిన అని ఫోన్ చేసేదాక ఆమె ఇల్లు ఊడ్వది. ఇట్లాంటి మనిషిని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి నేను సముద్రాలు దాటి ఎట్ల పోవాలె? నువ్వు లేని ప్రయాణం నాకెందుకు? టూరు వాళ్ళకు వస్తలేమని చెప్దామనే నీ ట్రంకుపెట్టెల కాయితాలు దేవులాడిన.

ఆడ నీ నోటుబుక్కు దొరికింది. సామాన్ల లిస్టు, నీ కోడిగీతల రాత. ఉన్ని సాక్సులు, టిక్కు. నెత్తి లైటు, టిక్కు. మామిడికాయ తొక్కు, రెండు టిక్కులు. అన్నిటికంటే కింద, "రాజమ్మను ఒప్పిచ్చుడు."

దానికి టిక్కు లేదు.

బుక్కు కింద నీ పాసుపోర్టు, దానికింద అవ్వది! పింఛను కాయితాలని చెప్పి తీస్కపోయి వేలిముద్రలు ఏపిచ్చినవట గద. దొంగ బాపు! టూరు వాళ్ళకు గూడ మొదటిసందే ముగ్గురమని చెప్పినవట. నాకు గూడ చెప్పలే.

అవ్వకు చదువు రాదు గద, నేనే చదివి ఇనిపిచ్చిన. ఆఖరి మాట ఇంకోసారి చదువుమన్నది. చదివిన. సెరుగు నోటికడ్డం పెట్టుకొని శానసేపు ఏడ్సింది. నువ్వు పోయిన దినం గూడ అట్ల ఏడ్వలే. నన్ను అడగకముందే పోయిండు చూడు అన్నది. తర్వాత నా చేతిల పెన్ను గుంజుకొని, టిక్కు ఎట్ల పెడతరో చూపియ్యుమన్నది. వంకరగ పోయింది గాని, ఆమే పెట్టింది.

రఘునాథపల్లి నుంచి పెద్దనాయిన ఫోన్ చేసి గరమైండు. ఏడాది నిండకముందు గుడికి పోవద్దు, గుట్టలెక్కొద్దు, మీరేమో దేశాలు దాటుతరా అని. ఆడ మాకు గుడి ఏడున్నది, పొద్దే పొడువని కాడ ఏడాది ఎట్ల లెక్కపెడతవు బావా అని అవ్వ ఫోన్ పెట్టేసింది. పెద్దనాయిన మల్ల చేయలే.

వీసాకు పోయినప్పుడు వేలిముద్రల మిషన్ చూసి, ఇది నాకెరుకే, మా ఆయన పింఛను కాడ పెట్టిచ్చిండు అని ఆఫీసరుకు చెప్పింది. నాకు నవ్వాగలే.

ఇప్పుడు నీ స్వెట్టరేసుకొని ఇంట్ల తిరుగుతున్నది. చేతులు పొడుగైనయి, మడుసుకున్నది. నిన్న నెత్తి లైటు కట్టుకొని, తలుపులన్ని పెట్టి, చీకట్ల కూసున్నది. నువ్వు బాయిలకు దిగేటప్పుడు బుగులు పడేటోనివా అని నన్నడిగింది. నాకేం ఎరుక? ఎన్నడన్న చెప్పినవా?

నిన్ను కాళేశ్వరంల గోదాట్ల కలిపినం గాని, అవ్వ లెక్కల నువ్వు ఇంట్లనే ఉన్నవు. ఎల్లుండి తాళంచెవి పక్కింటి అక్కకు ఇస్తలేదు. ఆమె మంచిదే గాని, మా ఎనకనే చీపురు పట్టుకుంటదట, చేతులు ఊకోవట. అందుకని ఇల్లు నీకే అప్పజెప్పుతున్నం.

కప్పు లేని చీకటి చూసొస్తం బాపు. అవ్వను భద్రంగ తీస్కపోయి భద్రంగ తీస్కొస్త. వచ్చినంక గడప కాడ రెండు జతల చెప్పుల చప్పుడు ఇనవడుతది.

అప్పటిదాక ఇల్లు ఊడ్వకు.

నీ బిడ్డ