జిరాక్సులో లేని పేజీ

6 జూలై 1994
మా రీసెర్చ్ అమ్మాయి ఇవాళ నా గదికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. థీసిస్ ఇవ్వడానికి ఇంకా నెల కూడా లేదు.

నాకు పేరు తెచ్చింది ఒకే ఒక్క వ్యాసం, ఒక పాత అమెరికన్ కథ మీద. మంచులో కూరుకుపోయిన ఇల్లు, తప్పిపోయిన భర్త కోసం ఎదురుచూసే భార్య, చివర్లో తలుపు చప్పుడు. కథ అక్కడే ఆగిపోతుంది. బయట ఎవరూ లేరు, ఆ చప్పుడు ఆమె మనసులోదే అని రాశాను. ఆ ఒక్క ముక్క మీదే ప్రొఫెసర్నయ్యాను.

"సార్, మీ జిరాక్సులో ఆఖరి కాగితం వెనక వైపు తీయలేదు. కథ ఇంకో పేజీ ఉంది సార్."

తప్పంతా తనదే అయినట్టు తల వంచుకుని చెప్పింది. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

అదే రోజు, సాయంత్రం
పాఠ్యపుస్తకంలో వేయించిందీ ఆ జిరాక్సునే. ఇరవై బ్యాచులు.

7 జూలై
ఆ పేజీ కాపీ తీసుకున్నావా అని మెల్లగా అడిగాను. లేదట. ముందు నాకు చెప్పడం మర్యాద అనుకుందట. పిచ్చి మొద్దు.

8 జూలై
అసలు పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉంది. నన్ను ఎవరూ సంతకం అడగరు. బ్లేడుతో ఆఖరి కాగితం కోసి, పుస్తకాన్ని మళ్ళీ అరలో పెట్టేశాను. పేజీ చదవలేదు. చదవాలనిపించలేదు.

27 ఆగస్టు
నా వ్యాసం తప్పని థీసిస్‌లో రాసినందుకు ఆమె మీద కమిటీ. లైబ్రరీ నుంచి పుస్తకం తెప్పించారు. కాగితం లేదు. కోసిందెవరని నేను అడగలేదు, లైబ్రరీ రిజిస్టరు చూడమన్నానంతే. ఆఖరి పేరు ఆమెదే. పేజీలో ఏముందో చెప్పబోయింది. కట్టుకథలు వినే ఓపిక లేదమ్మా అన్నాను. ఇద్దరు నవ్వారు.

రిజిస్ట్రేషన్ రద్దు. నాలుగేళ్ళ చదువు పావుగంటలో ముగించాం. వెళ్తూ నాకు నమస్కారం పెట్టింది.

28 ఆగస్టు
చాలా రోజులకి ఆకలేసింది.

3 సెప్టెంబరు
కాల్చేద్దామని ఆ కాగితం తీశాను. చదివాను.

కథలో భార్య తలుపు తీస్తుంది. ఎదురుగా భర్తే. గుర్తుపడుతుంది కూడా. ఎవరొచ్చారని లోపల్నుంచి అత్తగారు అడిగితే, ఎవరూ లేరని చెప్పి గడియ వేస్తుంది.

ఎంత గొప్ప కథ! ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను, ఇవాళ అర్థమైంది. నోరు విప్పి ఒక్కరికీ చెప్పుకోలేను.

9 సెప్టెంబరు, ఉదయం పదకొండు
తలుపు చప్పుడైంది. అటెండరు తొంగి చూసి, ఆ అమ్మాయి వచ్చిందన్నాడు.

లోపల ఎవరూ లేరని చెప్పమన్నాను.