ఎనిమిది బిళ్ళల రివాల్వర్

సెప్టెంబర్ 14, ఆదివారం

కుడి చేయి బాగుంది కాబట్టి రాస్తున్నాను. ఎడమ మణికట్టులో స్టీల్ ప్లేటు, ఆరు స్క్రూలు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. మా ఇంటి తలుపు గొళ్ళేనికి కూడా ఇన్ని స్క్రూలు లేవు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మా పొలం పక్క వాగులో ట్యాంకర్లు కెమికల్ వదులుతున్నాయి. చేపలన్నీ తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలాయి. ఫోన్‌లో వీడియో తీసి ఆఫీసర్లకు పంపాను. ఒక ట్యాంకర్‌ను సీజ్ చేశారు. నాలుగో రోజు రుద్రారం దాటాక ఇంకో ట్యాంకర్ నా స్కూటర్‌ను, దూడను దొడ్లోకి తోలినట్టు, నెమ్మదిగా పక్కకు నెట్టుకుంటూ పోయి మోరీ కాలువలో పడేసింది. క్లీనర్ దిగొచ్చి నా మీదికి వంగి, గిప్పుడు చెయ్యి, మల్లొకసారి మెడ, సమజైందా కాకా అన్నాడు.

కాకా అన్నాడు. మర్యాద తెలిసినవాడే.

సెప్టెంబర్ 17, బుధవారం

స్టేషన్‌లో ఎస్సై నా పేరు వినగానే, నువ్వు పులి సంగప్పవే కదనే అన్నాడు. పదేళ్ళ కింద బురదలో పంజా గుర్తులు వేసి, హాస్టల్ పిల్లలను రెండు రోజులు గదుల్లో కూర్చోబెట్టింది నేనే. అప్పుడు ఊరంతా నవ్వింది. ఎస్సై ఇవాళ నవ్వాడు. నవ్వుకుంటూనే కేసు రాసుకున్నాడు.

తుపాకి లైసెన్స్‌కు అప్లికేషన్ పెట్టాను. కారణం అన్న చోట ప్రాణభయం అని రాశాను. ఏ ఫారంలోనైనా నేను నిజం రాయడం ఇదే మొదలు.

అక్టోబర్ 6, సోమవారం

హైదరాబాద్‌లో తుపాకుల షాపు. లైసెన్స్ రానిదే అమ్మరు, చూడనిస్తారు. షాపతను గుడ్డ పరిచి రెండు పెట్టాడు. పిస్తోలు, రివాల్వర్.

పిస్తోలు సన్నగా ఉంది. నడుముకు చెక్కుకుంటే కనపడదు. సేఫ్టీ ఉంది. కానీ పేల్చే ముందు దాని పైభాగాన్ని రెండో చేత్తో వెనక్కి లాగాలి. లాగబోయాను. ప్లేటు ఎక్కడుందో, ఒక్కో స్క్రూ ఎక్కడుందో తెలిసింది. కళ్ళ వెంబడి నీళ్ళొచ్చాయి. రివాల్వర్‌కు ఆ లాగుడు లేదు. ఒక చేయి చాలు, వేలు నొక్కితే అయిపోయింది.

మీ చేతికి గిదే సార్, సోంచాయించే పనే లేదు అన్నాడు షాపతను.

నాకూ అదే నచ్చింది. ఆలోచించే పని లేకపోవడం.

అక్టోబర్ 12, ఆదివారం

బైకు మీద ఇద్దరు రోజూ గేటు ముందు ఆగుతున్నారు. మూడుసార్లు హారన్ కొట్టి పోతారు. హెల్మెట్లు తీయరు. దేవమ్మ బట్టలు పెరట్లోనే ఆరేస్తోంది. నా పెండ్లాం ఇన్నేళ్ళలో నాకు తప్ప ఎవరికీ భయపడలేదు. నాకైనా నేను తలుపు చాటునుంచి దుంకినప్పుడే.

వెంకటరామయ్య బీరంగూడ నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళ కింద వాళ్ళ క్వార్టర్స్‌కు పాలు పోసేవాణ్ణి. నీళ్ళు కలుపుతున్నావయ్యా అన్నాడని మరునాడు క్యాన్‌లో బతికున్న చేపపిల్లను వేసిచ్చాను. ఈ వాగు చేపే. తర్వాతి వారం ఆయన నా సైకిల్ సీటుకు జిగురు పూశాడు. అప్పటి నుంచి దోస్తులం.

నువ్వు నవ్వి నెల దాటిందోయ్, ఆ ట్యాంకరోళ్ళ కంటే నీ మొహం చూస్తేనే నాకు భయమేస్తోంది అన్నాడు. హారన్ సంగతి, క్లీనర్ అన్న మాట, అంతా అడిగి తెలుసుకుని పోయాడు.

అక్టోబర్ 17, శుక్రవారం

సంగారెడ్డిలో దీపావళి దుకాణాలు పెట్టారు. రెండు ఆటతుపాకులు కొన్నాను. ఒకటి రీలుది, పిస్తోలు మాదిరి. ఒకటి రింగు బిళ్ళలది, రివాల్వర్ మాదిరి, ఎనిమిది పేలుతాయి. అసలుది వచ్చేలోపు చేయి అలవాటు కావాలి కదా. దిండు కింద నుంచి తీయడం, గేటు వైపు తిప్పడం, నొక్కడం.

యాభై రెండేండ్లొచ్చినయ్, ఊరోళ్ళు జూస్తే ఏమనుకుంటరు అంది దేవమ్మ. నవ్వలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

దిండు నుంచి గేటుకు ఒక సెకను. ఇగ రానీ ఎవడొస్తడో.

అక్టోబర్ 26, ఆదివారం, మధ్యాహ్నం 2

రెండు కాగితాలు చింపేసి ఇది మూడోసారి రాస్తున్నాను.

తిని వాకిట్లో మంచం మీద పడుకున్నాను. హారన్. మూడుసార్లు. ఈసారి గేటు తెరుచుకుంది. హెల్మెట్ మనిషి లోపలికొచ్చాడు. కాకా, మెడ కోసం వచ్చినా అన్నాడు గొంతు మార్చి.

నాకు ఏమీ గుర్తు లేదు. తుపాకి చేతిలో ఉంది. పేలింది. పేలుతూనే ఉంది. ఆ మనిషి ఛాతీ పట్టుకుని, గుండ్రంగా తిరిగి, బంతిచెట్ల మీద పడిపోయాడు. కాళ్ళు రెండుసార్లు కొట్టుకున్నాడు. తర్వాత హెల్మెట్ తీసి పకపకా నవ్వాడు.

వెంకటరామయ్య.

నవ్వుతూ నా వైపు చూసి, సగంలో ఆపేశాడు. నా వేలు ఇంకా నొక్కుతూనే ఉంది. బిళ్ళలు అయిపోయాయి, టిక్కు టిక్కుమంటోంది. సంగప్పా, నేనోయ్, నేను అన్నాడు, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు.

దేవమ్మ వంటింట్లోంచి వచ్చి ఇద్దరినీ చూసింది. నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. గిదే అసలుదైతే, గిప్పుడు హైమావతమ్మకు ఫోన్ జేసి ఏమని చెప్తువు అంది.

వెంకటరామయ్య బంతిపూలు దులుపుకున్నాడు. హైమావతమ్మ ఆయన భార్య. మా ఇంటి సకినాలంటే ప్రాణం.

అక్టోబర్ 27, సోమవారం

ఎనిమిదీ ఛాతీకే.

నవంబర్ 30, ఆదివారం

ట్యాంకర్లు మళ్ళీ మొదలయ్యాయి. వాగు మీద నురగ. వీడియో తీశాను, పంపాను. పొద్దున బైకువాళ్ళు హారన్ కొట్టి, ఒకడు మెడ మీద చేయి అడ్డంగా గీసి చూపించి పోయాడు. దేవమ్మ లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. తుపాకి లేకుండా ఎట్లా. దేవుడా, ఉంటే ఎట్లా.

వెంకటరామయ్య వచ్చాడు. మలుపు దగ్గర నుంచే అరుచుకుంటూ వచ్చాడు. వెంకటరామయ్యనోయ్, వస్తున్నా, నేనే. గేటు దగ్గర ఇంకోసారి. రెండు చేతులూ కనపడేలా పెట్టుకుని లోపలికొచ్చాడు. ఆయన జోక్ చేస్తున్నాడేమో అనుకున్నాను. కాదు.

ముప్పై ఏళ్ళ ఆట. నేనే ముగించాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

లైసెన్స్ వచ్చింది. షాపుకు పోయి, హెల్మెట్ల బైకువాళ్ళ సంగతి చెప్పి, పిస్తోలు ఇమ్మన్నాను. ఆ చేత్తో లాగనీకి మీకు శాన సేపు పడ్తది సార్, గంతసేపట్ల ఎదుటోడు హెల్మెట్ తీసి పక్కకు పెట్టుకుంటడు అన్నాడు షాపతను.

అందుకే అన్నాను.