అడ్డంగా వేసిన కొమ్మ

బావకి,

శిఖరం మీద ఇద్దరం ఒకేసారి అడుగు పెడదామని నీ పెళ్లికి ముందు మాటిచ్చావు. అడవిలో ముందు నడిచేవాడు తప్పుదారికి అడ్డంగా కొమ్మ వేయాలన్నది మన పద్ధతి. పెళ్లయ్యాక ముగ్గురం కొండకి వెళ్లిన రోజు, మా అక్కతో కబుర్లలో పడి నువ్వు సరైన దారికే వేశావు. నేను బుద్ధిమంతుడిలా రెండో దారి పట్టి, జలగలతో చుట్టరికం కలుపుకొని, పక్క గుట్ట ఎక్కి, శిఖరం మీద మీరిద్దరూ చేతులూపడం చూశాను.

ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఈ చలికాలం దాటితే కొండ మాటే మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆదివారం బయల్దేరుతున్నాను, నువ్వూ రావాలి.

చదివిన పుస్తకాలన్నీ క్షమించమనే పోరుతున్నాయి కాబట్టి నిన్ను క్షమించాను. ఆ రోజు నువ్వు "మీ తమ్ముడి కోసం ఆగుదామా?" అంటే, "అన్ని పుస్తకాలు చదివినవాడికి దారి తెలీదా, పదండి" అన్నదని తర్వాత నువ్వే చెప్పావు; ఆ అక్కను మాత్రం ఇంకా క్షమించలేదు.