రుచితకు కరీంనగర్‌లో బడి

చెల్లె సుగుణకు, బోథ్ నుంచి అన్న దీవెనలు.

నీ మేనకోడలు రుచితకు పదమూడేళ్లు నిండాయి, బడి మాత్రం లేదు. ఆటిజం అని డాక్టర్ చెప్పింది నీకు తెలిసిందే. గంట మోగితే చెవులు మూసుకొని కేకలు వేస్తోందని ఇక్కడి బడి సారు పంపేశాడు. "పురాణం చెప్పెటోనివి గదా! కొండగట్టు అంజన్న గుడికి తోల్కపోయి నిద్ర చేయించు పంతులూ, నయమైతది" అన్నాడు.

"సారూ, ఆంజనేయుడు గూడ సూర్యుని ఎంట తిరిగి సదువుకున్నడు! కొండగట్టుకు నేను తోల్కపోత, సదువు నువ్వు చెప్పు!" అని బడి అదిరేటట్టు అరిచాను. నా అరుపుకే పిల్ల చెవులు మూసుకుంది.

ఇప్పటికీ రోజూ యూనిఫాం వేసుకొని గేటు దగ్గర నిలబడుతుంది. బడి ఆటో ఆగకుండా పోతుంది.

మీ ఇంటి దగ్గర ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే బడివాళ్లు చేర్చుకుంటామన్నారు. హాస్టల్ లేదు. నీ దగ్గర ఉంచుకుంటావా? మిక్సీ వేసే ముందు ఒక మాట చెప్తే చాలు, తానే పక్కగదిలోకి పోతుంది.

మీ వదిన, "అది పోతే నీ పద్యానికి ఆఖరి పాదం ఎవలందిస్తరు?" అంటోంది. నిజమే. ప్రవచనంలో నేను ఆపిన చోట అందుకునేది రుచితే. ఇక ఆ పాదం కోసం చూస్తూ మైకు ముందే ఆగిపోతానేమో. జనం నవ్వితే నవ్వనీ.

నువ్వు సరేనను, చెల్లె.

మీ అన్న