పొగగొట్టం లేని నల్లమ్మ

అన్నా,

ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. నువ్వు పోయావని విశాఖ నుంచి కబురొచ్చి ఏడాదైంది.

మెర్డేకా వచ్చింది, మలయాకు స్వాతంత్ర్యం. ఊరంతా జెండాలు. నేను మాత్రం క్లాంగ్ రేవుకు వెళ్లాను. మనం నల్లమ్మ అని పేరు పెట్టిన పాత స్టీమరు అక్కడుంది. ఏ ఓడ కూత వినబడినా దాని పేరు ఎవరు ముందు చెబుతారా అని పందెం వేసుకునేవాళ్లం, ఎప్పుడూ నువ్వే గెలిచేవాడివి. యూనియన్ మీటింగుకు వెళ్లావని మలయా ఎమర్జెన్సీలో తెల్లదొరల పోలీసులు నిన్ను ఇండియాకు పంపేసిందీ దాంట్లోనే. ఆ రోజు కూడా సంకెళ్లతోనే నావైపు తిరిగి, "నల్లమ్మే!" అన్నావు.

ఇప్పుడు పొగగొట్టం కోసేసి, దాన్ని బొగ్గు మోసే పడవ చేశారు.

"ఏటి సూస్తన్నావమ్మా? ఇంజిను పీకేసినారు లా. ఇంకో పడవొచ్చి ఈడ్చాల," అన్నాడు రేవు కూలీ, మన మాటకు ఇక్కడి మలయ్ వాళ్ల 'లా' తగిలించి.

అది కూయలేదు. ఈసారి పేరు నేనే ముందు చెప్పాను. పోటీకి ఎవరూ లేరు.