మిక్సీ వేస్తే బర్రుమంటుంది

జూన్ 3

బావ అక్క చిటికెన వేలు విరిచాడు. కారణం మిక్సీ. ఆయన రికార్డు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడట, అక్క వంటింట్లో మిక్సీ వేసిందట, స్పీకర్లు బర్రుమన్నాయట. అంతే. డాక్టరుకి మాత్రం తలుపులో పడి నలిగిందని చెప్పింది. ఆయన నమ్మినట్టు నటించాడు. నేను పళ్లు నూరుకున్నాను.

ఆ ఇంట్లోంచి వచ్చెయ్యమన్నాను. రానంది. కరెంటులోంచి వచ్చే నాయిస్ ఆపే ఫిల్టర్ డబ్బాలు ఊరందరికీ చేసిపెడతావు, నాకొకటి చెయ్యలేవా అంది. నేను బతికేదే ఆ డబ్బాల మీద. సరే, చేస్తానన్నాను.

జూన్ 5, మధ్యాహ్నం

రింగు మీద రాగితీగ చుట్టి, నాయిస్‌ని అడ్డుకునే చోక్ తయారుచేశాను. అక్క పక్కనే కూర్చుని, కట్టు కట్టిన చేత్తోనే తీగ పట్టుకుంది. కెపాసిటర్ పక్కన ఈ బుల్లి రెసిస్టర్ ఎందుకని అడిగింది. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలిపోతుంది, పిన్నులు ముట్టుకుంటే కొడుతుంది, ఇది దాన్ని మెల్లగా చల్లారుస్తుంది అన్నాను. మీ బావకీ ఒకటి పెట్టరా అని పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దళసరి ఇనప డబ్బా తీసుకుని ఎర్త్ గట్టిగా బిగించాను.

జూన్ 6

వాళ్లింట్లో బిగించాం. మిక్సీ వేసి చూశాం, డ్రిల్లు కూడా. స్పీకర్లు బర్రుమంటే ఒట్టు. బావ నన్ను కౌగిలించుకుని, బామ్మర్ది అంటే నువ్వేరా అన్నాడు. గెలిచాననుకున్నాను, వెధవని.

జూన్ 9

మళ్లీ కొట్టాడు. మిక్సీ వెయ్యనే లేదట.

జూన్ 10

పొద్దున్నే వెళ్లాను. అక్క పెదవి చిట్లింది, ఒక కన్ను తెరుచుకోవడం లేదు. ఫిల్టర్ పనిచెయ్యడం లేదా అని అడిగాను, సిగ్గు లేకుండా. భేషుగ్గా చేస్తోందన్నాడు బావ. ఎంత క్లీన్‌గా ఉందంటే, పాటకీ పాటకీ మధ్య వంటింట్లో ఇది ముక్కు ఎగబీల్చడం కూడా వినబడుతోందట. దానికీ ఓ ఫిల్టర్ చేసిపెట్టరా అని నవ్వాడు.

ప్లగ్గు పీకాను. డబ్బా ఎత్తి ఆ నవ్వు మీదే కొట్టాను. పళ్లు రాలాయి. వెళ్లి టర్న్‌టేబుల్ మీద పడ్డాడు, స్పీకరు ఒకటి కూలింది. మళ్లీ కొట్టాను. ఇంకోసారి లేపిన చేతిని అక్కే పట్టుకుంది, ఆ విరిగిన వేలున్న చేత్తోనే. ఆయన మీద జాలితో కాదట. నేను జైలుకి పోతే తనెక్కడికి రావాలని అడిగింది.

వచ్చేసింది. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి బూతులు వినబడ్డాయి, అంటే బతికే ఉన్నాడు. డబ్బా కూడా తెచ్చేశాను. రాత్రి దాకా దాన్ని చేతిలోంచి దింపలేదు. నాకెవరూ ఆ రెసిస్టర్ పెట్టలేదు.

జూన్ 11

పొద్దుట్నించీ అక్క మా వంటింట్లో మిక్సీ వేస్తూనే ఉంది. జార్‌లో ఏమీ లేదు. నా బెంచీ మీది స్పీకరు బర్రుమంటూనే ఉంది. ఫిల్టర్ పక్కనే ఉంది. పెట్టలేదు.