కార్డులో పేరు ఎక్కకముందు

సుజాతా,

ఆ రోజు పొద్దున్నే నీకు తలనొప్పి లేచింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. కోడేరు నుంచి జీపులో వనపర్తి సర్కారు దవాఖానకు తెచ్చేసరికి నువ్వు లేవు, కడుపులో బిడ్డా లేదు.

బీపీ ఎప్పుడైనా చూయించారా అని డాక్టరమ్మ అడిగింది. చూయించలేదు. పెళ్లయ్యాక మీ నాయన రేషన్ కార్డులో నీ పేరు కొట్టేశారు. బిడ్డ పుట్టినంక ఇద్దరి పేర్లూ మన కార్డులో ఒకేసారి ఎక్కిద్దామని మా అమ్మ అంది. "కార్డుల పేరు లేనోళ్లను ఫ్రీగ చూడరంట. మంచిగనే ఉన్న కద," అన్నావు నువ్వు. చూయించుకోవడానికి ఏ కార్డూ అక్కర్లేదని ఆ రోజు డాక్టరమ్మ చెబితేనే తెలిసింది.

నువ్వు పోయి ఏడాదైంది. మీ చెల్లెలు మంజులకిప్పుడు ఏడో నెల. ఇవాళ కల్వకుర్తిలో వాళ్లింటికి వచ్చాను. దాని కాలివేళ్లకు మెట్టెలు బిగుసుకుపోయాయి.

"దవాఖానకు పోయినవా?"

"కార్డుల పేరు ఎక్కలే బావా. ఎక్కినంక పోత."

"మేం చేన్లనే కన్నం. నీకు భయం పట్టింది నాయినా," అంది వాళ్లత్త.

అవునన్నాను.

ఇవాళ ఆదివారం. రేపు పొద్దున మంజులను సర్కారు దవాఖానకు తీసుకుపోతాను. బీపీ చూసేదాకా అక్కడి నుంచి కదలను.